ఆరు గురువారాల అవగాహన

ప్రజల భాగస్వామ్యం లేకుండా ప్రకృతిని కాపాడటం అసాధ్యమని పెద్దలు తీర్మానించారు. తీర్మానం నాలుగు పుటలు, దానికి రెండు అనుబంధాలు. ప్రజలు అప్పటికే కాపాడుకుంటూ ఉంటే వాళ్ళను ఏం చెయ్యాలన్న సంగతి మాత్రం రెండింటిలోనూ లేదు. ఆ లోటు పూడ్చడానికే మా వీధిని ఎంచుకున్నారని నా నమ్మకం.

మా వీధి చివర ఒక చిన్న వాగు, దాని మీద కల్వర్టు, కల్వర్టు పక్కన ఒక లాండ్రీ. దాన్ని నడిపే ఆవిడను వీధంతా లాండ్రీ అక్క అంటుంది. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాణ్ణయినా నేనూ అలాగే అంటాను. ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది. (వరసలు కలుపుకునేటప్పుడు వయసులు అడగకూడదు.) ఎదురుగా ఉన్న షాపు నాది. ఫ్లెక్సీలు, విజిటింగ్ కార్డులు, సర్టిఫికెట్లు ముద్రిస్తాను. ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని ఇప్పటికి కొన్ని వందల మీటర్ల ప్లాస్టిక్ మీద ముద్రించి ఉంటాను. కాబట్టి పర్యావరణంతో నాది పాత పరిచయమే.

లాండ్రీకి వచ్చే బట్టల్లో ముప్పాతిక ఆసుపత్రి దుప్పట్లు. రోజుకు రెండు వందలు, అన్నీ తెల్లవి. అక్క ఇంట్లో పొయ్యి వెలిగేది వాటి వల్లే. వాటిని ఉతికే నీళ్ళు పెరట్లోని బావివి, ఆ బావికి ఊట వాగుది. రెండేళ్ళ కిందట ఒకసారి దుప్పట్లు ఉతికాక కూడా నీలంగా వచ్చాయి. ఇంకోసారి ఇలా వస్తే మీరు రానక్కర్లేదని ఆసుపత్రి స్టోర్‌కీపరు మర్యాదగానే చెప్పాడు. ఆ ‘ఇంకోసారి’ రాకుండా చూసుకోవడమే అప్పటి నుంచి ఆ ఇంటి ముఖ్య వ్యాపకం.

అందులో అక్క అత్తగారిది పెద్ద చెయ్యి. ఆవిడ రోజూ మధ్యాహ్నం ఒక తెల్ల గుడ్డపేలిక వాగులో ముంచి, ఆరేసి, బట్టల మీద గుర్తులు వేసే సిరాతో దాని అంచున తారీఖు, వారం రాసి పెరట్లో దండేనికి పిన్నుపెట్టేది. రెండు నెలలకు అరవై పేలికలయ్యాయి. వాటిలో ఎనిమిది రంగువి. ఎనిమిదీ గురువారాలే. ఆవిడ మూడో తరగతి దాటలేదు. (అందుకే అంత త్వరగా తేలింది.)

గురువారం కాపు కాస్తే దొంగ దొరికాడు. ఊరి బయట ఉన్న అద్దకం ఫ్యాక్టరీ ట్యాంకరు ఉదయం తొమ్మిదింటికీ పదకొండింటికీ మధ్య వచ్చి, కల్వర్టు కింద గొట్టం వదిలి, వారం రోజుల రంగు నీళ్ళు వాగులో కలిపేసి పోతోంది. మరుసటి గురువారం నుంచి మేం పదకొండు మందిమి ఆ వేళకు కల్వర్టు మీద నిలబడటం మొదలుపెట్టాం. నినాదాల్లేవు, జెండాల్లేవు. రిటైరైన డ్రైవరు బాబాయి నడిరోడ్డు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. ట్యాంకరు వచ్చేది, దూరం నుంచి మమ్మల్ని చూసేది, వెనక్కి తిరిగేది. ఏడు నెలల పాటు పేలికలన్నీ తెల్లగానే ఉన్నాయి. దీన్ని ఉద్యమం అంటారని మాకు తెలీదు. మేం దాన్ని ‘గురువారం నిలబడటం’ అనుకునేవాళ్ళం.

ఇక్కడే అక్కకు ఒక ముందుచూపు కలిగింది. మనిషన్నాక ఏదో ఒక వారం జ్వరం వస్తుంది, పెళ్ళి వస్తుంది. ఎన్నాళ్ళని నిలబడతాం, మన బదులు నిలబడే కాగితం ఒకటి కావాలి అంది. కాలుష్య నియంత్రణ ఆఫీసుకి వెళ్ళి అడిగితే, విడివిడిగా వచ్చే అర్జీలు వరస ప్రకారం చూస్తామని (వరస ఇప్పుడు ఆరేళ్ళ కిందటి దగ్గర ఉంది), గుర్తింపు పొందిన సంస్థ ముద్ర వేసి ఉత్తరం ఇస్తే మాత్రం పదిహేను రోజుల్లో తనిఖీకి వస్తామని గుమాస్తా చెప్పాడు. ఒక ఉత్తరం, ఒక ముద్ర. మాకు కావలసింది అంతే.

గుర్తింపు పొందిన సంస్థ పేరు స్థానిక జలహిత భాగస్వామ్య వేదిక. మెయిన్ రోడ్డులో రెండో అంతస్తు, గాజు తలుపు, లోపల కుండీలో చాలా ఆరోగ్యంగా ఉన్న ఒక ప్లాస్టిక్ మొక్క. అక్కడ స్థానిక ఉత్సాహాధికారి అనే హోదాలో ఒకాయన ఉన్నాడు. స్థానికుల్లో ఉత్సాహం కలిగించడం ఆయన ఉద్యోగం. మమ్మల్ని చూడగానే ఆయన కాస్త కంగారు పడ్డాడు. పిలవకుండా వచ్చిన ఉత్సాహాన్ని ఏ రిజిస్టరులో రాయాలో ఆయనకు తెలియలేదు.

అక్క సంగతంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. సంస్థ ఉత్తరం ఇవ్వాలంటే అడిగేవాళ్ళు నమోదైన వాలంటీర్లు అయి ఉండాలనీ, నమోదుకు కనీసం నలభై మంది కావాలనీ, నలభై మందీ ఆరు వారాల అవగాహన శిక్షణ పూర్తిచెయ్యాలనీ, ఒక్కరు ఒక్క రోజు తప్పినా బృందం మొత్తం మళ్ళీ మొదటికి వస్తుందనీ వివరించాడు. అవగాహన దేని గురించి అని డ్రైవరు బాబాయి అడిగాడు. మీ వీధి చివర ఒక వాగు ఉందన్న విషయం గురించి అని ఆయన చెప్పాడు.

ఫారాలు పూర్తిచేశాం. అందులో నాలుగోది, నేను స్వచ్ఛందంగానే వచ్చానని ఇద్దరు సాక్షుల ఎదుట ఒప్పుకునే పత్రం. (సాక్షులు స్వచ్ఛందంగా వచ్చారనడానికి వేరే పత్రం ఉంది.) ‘వాగుతో మీ అనుబంధం’ అన్న చోట అత్తగారు ‘నీళ్ళు’ అని రాసింది. జవాబు యాభై పదాలకు తగ్గకూడదని వెనక్కి పంపారు. పదకొండు మందిని నలభై చెయ్యడానికి వీధిలో ఇంటింటికీ తిరిగాం. వాగు ఎటు పారుతుందో తెలియనివాళ్ళు ఇరవై తొమ్మిది మంది దొరికారు. ఉత్సాహాధికారికి వాళ్ళంటేనే ఎక్కువ ఇష్టంగా ఉండేది. వాళ్ళలో అవగాహన పెరగడానికి చోటుంది.

ఫోనులో ఒక యాప్ కూడా పెట్టించారు. మొక్క పక్కన ఫొటో దిగితే పది పాయింట్లు, ఆ ఫొటో నలుగురికి పంపితే ఇరవై. ట్యాంకరును ఆపితే ఎన్ని అని అక్క వెతికింది. ఆ వర్గం లేదు. ‘ఇతరములు’ కింద ‘ట్యాంకరు ఆపాం’ అని రాస్తే యాప్ దాన్ని ట్రాఫిక్ సమస్యగా గుర్తించి ట్రాఫిక్ పోలీసులకు పంపింది. రోడ్డుకు అడ్డంగా కుర్చీ వెయ్యకూడదని బాబాయికి సందేశం వచ్చింది.

ఆ తర్వాత శిక్షణ రోజు ప్రకటించారు. గురువారం, ఉదయం తొమ్మిది నుంచి పదకొండు.

అక్క ఆ కాగితం పట్టుకుని ఆ గాజు తలుపు దగ్గరికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను, ఫ్లెక్సీ ఆర్డరు కూడా తెచ్చుకోవచ్చని. (దాచడం దేనికి.) ఉత్సాహాధికారి ఈ రోజును గాలివాటుగా పెట్టలేదు. క్షేత్ర సర్వే చేయించారట. సర్వేయరు వారం పాటు వీధిలో తిరిగి, స్థానికులు ఎక్కువ మంది ఒకేచోట ఏ పనీ లేకుండా కనిపించే సమయం ఏదో రాసుకొచ్చాడు. గురువారం తొమ్మిది నుంచి పదకొండు, కల్వర్టు మీద, పదకొండు మంది. పక్కన గ్రాఫు కూడా ఉంది.

“ఏ పనీ లేక కాదండీ, ట్యాంకరు రాకుండా నిలబడతాం” అంది అక్క. “మేం ఇక్కడికొస్తే అక్కడ ఎవరుంటారు?”

“అమ్మా, మీ సమయాన్ని గౌరవించే ఆ వేళ పెట్టాం” అన్నాడాయన. “మిగతా రోజుల్లో మీకు లాండ్రీ ఉంటుంది కదా.”

రోజు మార్చమని అడిగితే మార్చవచ్చన్నాడు. దానికి మళ్ళీ సర్వే చెయ్యాలి. మళ్ళీ సర్వే చేసినా గురువారమే వస్తుందని అందరికీ తెలుసు, మేం గురువారమే నిలబడతాం కాబట్టి. అమ్మ పెట్టాపెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని బాబాయి గొణిగాడు. అత్తగారు మాత్రం మీరంతా వెళ్ళండి, నేనొక్కదాన్ని కుర్చీ వేసుకుని కూర్చుంటానంది. ఆరు వారాలే కదా, చివర ఉత్తరం వస్తుంది కదా అని అందరం ఒప్పుకున్నాం.

మొదటి గురువారం శిక్షణ పేరు ‘వాగు అంటే ఏమిటి’. హాజరు ముప్పై తొమ్మిది. నలభయ్యో వాలంటీరు ఏదని ఉత్సాహాధికారి ఆదుర్దా పడ్డాడు. డెబ్బై రెండేళ్ళ పెద్దావిడ ఎండలో ఒంటరిగా కల్వర్టు మీద కూర్చుందని తెలిసి ఆయన మనసు కలుక్కుమంది. వృద్ధులను కలుపుకుపోవడం సంస్థ మూల సూత్రాల్లో ఆరోది. కారు పంపి, ఇద్దరు చెరో రెక్క పట్టుకుని, కుర్చీతో సహా ఆవిడను తీసుకొచ్చారు. హాలులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ శిక్షణ అయ్యేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. గ్రూపు ఫొటోలో కూడా ఆవిడ తల కిటికీ వైపే ఉంది.

అదే రోజు పేలికలూ వెళ్ళిపోయాయి. స్థానికుల సంప్రదాయ జ్ఞానం మీద ప్రదర్శన పెడుతున్నాం, ఒక నెల ఇవ్వండి అని అడిగి, రంగు పేలికలూ తెల్ల పేలికలూ అన్నీ పెట్టెలో పెట్టుకుని రసీదు ఇచ్చారు. కొత్తవి ముంచుదామంటే, శిక్షణ కాలంలో శిక్షణ పొందని పద్ధతులు వాడరాదని నియమం తొమ్మిది.

రెండో వారం ‘నీరు: ఒక పరిచయం’. మూడో వారం ‘నేనే వాగునైతే’ అని నాటకం వేయించారు. బాబాయిని వాగుగా నేల మీద పడుకోబెట్టారు. ఆయన పది నిమిషాల్లో గుర్రు పెట్టాడు. ‘ప్రశాంతమైన ప్రవాహం, అద్భుతం’ అని మార్కులు వేశారు. మేం అక్కడ వాగులమై పడుకున్న ఆ వేళల్లోనే అసలు వాగు దగ్గర ఏం జరుగుతోందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ట్యాంకరు డ్రైవరు మొదటి వారం ఖాళీ కల్వర్టును చూసి ఏదో మోసం ఉందనుకుని వెనక్కి పోయాడట. రెండో వారం దిగి చుట్టూ చూశాడట. మూడో వారం నుంచి గొట్టం వదిలి టీ తాగుతూ కూర్చునేవాడట. ఇదంతా తర్వాత అతనే చెప్పాడు. దాపరికం లేని మనిషి.

నాలుగో వారం అత్తగారు లేచి వాగు కంపు కొడుతోంది, రంగు మందు కంపు అంది. శిక్షకురాలు ఎంతో సంతోషించి ఆవిడకు రంగు స్కెచ్ పెన్నులిచ్చి ఆ వాసనను చార్టు మీద బొమ్మగా వెయ్యమంది. ఆవిడ పెన్నులు బల్ల మీద పెట్టి కూర్చుంది. భాగస్వామ్యం తక్కువ అని రాసుకున్నారు.

అయిదో గురువారం తర్వాత రెండు రోజులకు అక్క నా షాపులోకి వచ్చింది. చేతిలో ఆసుపత్రి దుప్పటి ఉంది. కౌంటరు మీద పరిచి, “అన్నయ్యా, నువ్వు రంగుల్లో బతికేవాడివి. ఇది ఏ రంగో చెప్పు” అంది.

లేత ఊదా. చెప్పక తప్పలేదు. అలాంటివి రెండు వందలు వెనక్కి వచ్చాయి. స్టోర్‌కీపరు మంచివాడే, వారం గడువిచ్చాడు. నీళ్ళ తప్పు ఫ్యాక్టరీదని ముద్ర ఉన్న కాగితం తెస్తే పైవాళ్ళతో మాట్లాడతాను, లేకపోతే నా చేతుల్లో లేదన్నాడు. ఆవిడ కల్వర్టు మీదికి వెళ్ళి నిలబడాలి. కానీ ఆరో గురువారం హాలులో లేకపోతే ఆ కాగితం రాదు, నలభై మందీ మళ్ళీ ‘వాగు అంటే ఏమిటి’ దగ్గర కూర్చోవాలి. కల్వర్టు మీద ఉంటే ఒక్క ట్యాంకరు ఆగుతుంది, హాలులో ఉంటే కాగితం వస్తుంది. ఆవిడ ఒక రాత్రంతా ఆలోచించి హాలుకే వచ్చింది. నాకు కోపం వచ్చింది. కోపానికి ఫారం లేదు కాబట్టి నేనూ ఆవిడ వెనకే వచ్చి కూర్చున్నాను.

ఆ రోజు ముగింపు సభ. వేదిక మీద ఫ్లెక్సీ నాదే. హాలు గోడ పొడవునా అత్తగారి పేలికలు వరసగా వేలాడదీశారు. అన్నీ తళతళలాడుతున్నాయి. ప్రదర్శన ప్రమాణాల ప్రకారం మురికి వస్తువులు గోడకు తగిలించరాదట, అందుకని పేలికలన్నీ వేరే లాండ్రీలో బ్లీచింగు పెట్టించి, ఇస్త్రీ చేయించి తెచ్చారు. ఉత్సాహాధికారి మైకులో ఒక శుభవార్త చెప్పాడు. పెట్టె తెరిచిన రోజు తీసిన ఫొటోల్లో ఎనిమిది పేలికలు రంగుగా ఉన్నాయి. నేడు ఒక్కటీ లేదు. ఆరు వారాల అవగాహనలో వాగు నూటికి నూరు శాతం మెరుగుపడింది.

అత్తగారు నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి ఒక పేలిక అంచు తిప్పి చూసింది. బట్టల మీద గుర్తులు వేసే సిరా బ్లీచింగుకు పోదు. తారీఖులన్నీ అలాగే ఉన్నాయి. తారీఖులే ఉన్నాయి.

“ఇన్నేళ్ళు లాండ్రీ ఇంట్లో బతికాను” అంది ఆవిడ కోడలితో. “ఉతక్కూడని గుడ్డలు ఇవొక్కటేనే.”

ఉత్తరం ఇచ్చారు. మాట అంటే మాటే, ముద్ర కూడా ఉంది. అక్క అక్కడే నిలబడి చదివింది. దిగువ సంతకాలు చేసిన నలభై మంది స్థానికుల ప్రత్యక్ష పరిశీలనలో వాగు నీటి నాణ్యత సంపూర్ణంగా మెరుగుపడినదని కాలుష్య నియంత్రణ ఆఫీసుకు తెలియజేయుటకు సంతోషిస్తున్నాము, అని ఉంది. వెనక ఆరు వారాల హాజరు రిజిస్టరు పేజీలు కుట్టారు, మా సంతకాలతో. ట్యాంకరు మాట ఎక్కడా లేదు. అదేమని అడిగితే, ప్రతికూల పదాలు స్థానికుల ఉత్సాహాన్ని దెబ్బతీస్తాయని ఉత్సాహాధికారి అన్నాడు. అందరి కళ్ళల్లోకీ చూసి మరీ అన్నాడు. ఆయన నిజంగానే నమ్మాడు. అబద్ధమాడేవాడైతే ఎక్కడో ఒకచోట దొరికేవాడు.

అక్క ఆయన్ని తిట్టలేదు. “మీరేం చెయ్యకుండా ఉండుంటే మా నీళ్ళు బాగుండేవి సార్” అని మాత్రం అంది. అభిప్రాయ పత్రం పక్క గదిలో నింపవచ్చని ఆయన దారి చూపించాడు.

కాలుష్య నియంత్రణ ఆఫీసు అంత వేగంగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఉత్తరం అందిన మూడో రోజే ఫైలు మూసేశారు. ఆసుపత్రివాళ్ళు వారం గడువు అయిన మర్నాడు దుప్పట్లు వేరేచోటికి మార్చారు. అక్క ఇప్పుడు రెండు బస్సులు మారి ఊరి అవతల ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీకి వెళుతోంది. పొద్దున్న ఆరింటికి పోతే రాత్రికి వస్తుంది. అత్తగారు పెరట్లో ఖాళీ దండెం కింద కూర్చుని, బావిలోకి తొంగి చూడటం మానేసింది. ఆ ఇల్లు చూస్తే నాకు సిగ్గేస్తుంది. ఆ సభకు ఫ్లెక్సీ, నలభై సర్టిఫికెట్లు, ఆ ఉత్తరం రాసిన లెటర్‌హెడ్డు, అన్నీ మా మిషను మీదే అయ్యాయి. అక్కకు వచ్చిన సర్టిఫికెట్టులో ‘మీ అమూల్య సమయానికి’ అన్న మాట నేనే బోల్డులో పెట్టాను.

మిగిలిన పది మందిమీ మళ్ళీ ఒక గురువారం కల్వర్టు మీద నిలబడ్డాం. ట్యాంకరు ఈసారి వెనక్కి తిరగలేదు. డ్రైవరు దిగి, బాబాయి కుర్చీ దగ్గరికి వచ్చి, నమస్కారం పెట్టి, జేబులోంచి ఉత్తరం నకలు తీశాడు. ఫ్యాక్టరీవాళ్ళు ప్రతి బండికీ ఒకటి ఇచ్చారట.

“నాకెందుకు పెద్దాయనా గొడవ” అన్నాడు. “నీళ్ళు బాగున్నాయని మీరే రాసిచ్చారు. ఇదిగో, ఇది మీ సంతకమే కదా?”

బాబాయి కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఆయన సంతకమే. మూడో వారంది, నాటకం వేసిన రోజుది. లేచి కుర్చీ పక్కకు జరిపాడు. మేమూ జరిగాం. గొట్టం అరగంట పారింది.

పని అయ్యాక ఆ డ్రైవరు రోడ్డు దాటి మా షాపుకి వచ్చాడు. దారిలో ఎవరాపినా తీసి చూపించాల్సి వస్తోంది, మడతల దగ్గర చిరుగుతోంది, లామినేషన్ చేసివ్వమన్నాడు. చేశాను. బండిలో తడి చెయ్యి తగిలితే పాడవుతుందా అని అడిగాడు. నేను చేసిన పనికి హామీ ఇవ్వడం నాకు అలవాటు. వాగులో పడేసినా రంగు అంటదని చెప్పి చేతికిచ్చాను.